వసుమతికి ఇరవయ్యొకటి నిండినట్టు రుజువు

అమెరికాలోని పార్సిప్పనీ ఊళ్లో వసుమతిని ఎరిగినవాళ్లెవరూ ఆవిడ బ్రాందీ షాపులో పట్టుబడిందంటే నమ్మరు. పట్టుబడిన మాట మాత్రం నిజం. వయసు చాలదేమోనన్న అనుమానం మీద పట్టుబడింది. అప్పటికి ఆవిడకి యాభై దాటాయి. అంతకు ముందువారమే మనవడు పుట్టాడు.

ఆవిడది తణుకు పక్క పల్లె. భర్త సూర్యప్రకాశ్ రంగుల కంపెనీలో కెమికల్ ఇంజనీరు. తొమ్మిదేళ్ల కూతురు విద్యని వెంటబెట్టుకుని అరవై తొమ్మిదిలో న్యూజెర్సీ వచ్చి పడ్డారు. రోడ్డు పక్కన రెండంతస్తుల అపార్టుమెంటు, కింది వాటా. వంటింటి కిటికీలోంచి చూస్తే పాలు అమ్మే కొట్టు ఎదురుగా కనపడేది. కనపడేది గానీ మధ్యలో ఆరు వరసల రోడ్డుండేది. నడిచి దాటిన మనిషి పాల కొట్టుకి కాదు, తిన్నగా స్వర్గానికే చేరుకుంటాడు. అంచేత పాలు కావాలన్నా, పచ్చిమిరపకాయలు కావాలన్నా, చీరకి ఫాల్ కుట్టుకునే దారపుండ కావాలన్నా వసుమతి శనివారం దాకా ఆగేది. శనివారం సూర్యప్రకాశ్ పేపరు చదవడం పూర్తి చేసి, గడ్డం గీసుకుని, "పోనీ, పద" అనేవాడు.

సూర్యప్రకాశ్ చెడ్డవాడు కాదు. విసుక్కునేవాడూ కాదు. ఎప్పుడడిగినా "పోనీ" అనేవాడు. చిక్కంతా ఆ "పోనీ"లోనే ఉంది. ఉప్పు ప్యాకెట్టుకి కూడా పదేళ్లపాటు మొగుడి "పోనీ" కోసం కాచుకుని కూర్చోవలసి వస్తే ఏ ఆడదానికైనా ఒళ్లు మండుతుంది. వసుమతికీ మండింది. పైకి చెప్పలేదు, అంతే.

పైకి చెప్పించింది ఒక స్వెట్టరు. డెబ్భై ఎనిమిదిలో, చలికాలం ముందు, విద్యకి ఒక స్వెట్టరు కొందామని పెద్ద షాపుకి వెళ్లారు. బ్యాంకు ఖాతా ఇద్దరి పేరా ఉంది కదా అని వసుమతి చెక్కు తనే రాసింది, తీరిగ్గా సంతకం పెట్టింది. కౌంటరు దగ్గర పిల్ల చెక్కు అందుకుని డ్రైవర్స్ లైసెన్స్ అడిగింది. లేదంది వసుమతి. క్రెడిట్ కార్డ్? అదీ లేదు.

"మరి మీరెవరో నాకెలా తెలుస్తుంది?" అంది ఆ పిల్ల, మర్యాదగానే.

వసుమతి కాస్త ఆలోచించింది. తానెవరో తనకి బాగానే తెలుసు. ఆ సంగతి అవతలి మనిషికి చెప్పడానికి మాత్రం చేతిలో ఏమీ లేదు. మేజోళ్ల అరల దగ్గర నిలబడ్డ సూర్యప్రకాశ్‌ని చెయ్యి ఊపి పిలిచింది. అతను వచ్చి తన లైసెన్సు తీసి ఇచ్చాడు. ఆ పిల్ల అతని నంబరు చెక్కు వెనకాల రాసుకుని స్వెట్టరు సంచీలో వేసింది. సంతకం ఆవిడది, మనిషి అతను. దారిలో సూర్యప్రకాశ్ సరదాగా, "చూశావా, నేను పక్కన లేకపోతే నీకు స్వెట్టరు కూడా రాదు" అన్నాడు. వసుమతి నవ్వలేదు. మర్నాడు పొద్దున్న కాఫీ గ్లాసు అతని ముందు పెట్టి, "నేను డ్రైవింగ్ నేర్చుకుంటాను" అంది.

"ఈ వయసులోనా?" అన్నాడు సూర్యప్రకాశ్. ఆ దేశంలో ఆవిడ వయసు గురించి వచ్చిన మొదటి అనుమానం అది. ఆఖరుది కాదు.

నేర్చుకోవడానికి మూడేళ్లు పట్టింది. రెండు కర్రల మధ్య కారుని వెనక్కి పెట్టే పరీక్ష ఒకటి ఉంటుంది. అందులో ఎన్నిసార్లు తప్పిందో వసుమతి చెప్పదు. సూర్యప్రకాశ్ చెబుతాడు, ఎవరూ అడగకపోయినా. చివరికి ఎనభై రెండులో ప్యాసయింది. ఆ రోజుల్లో ఆ రాష్ట్రంలో లైసెన్సు మీద ఫోటో వేయించుకోవడం మన ఇష్టం. కావాలంటే అదనంగా కట్టాలి. "ఫోటో ఎందుకు, నీ మొహం నాకు తెలుసుగా" అన్నాడు సూర్యప్రకాశ్. అందువల్ల లైసెన్సు ఉత్త కాగితం ముక్కలా వచ్చింది. పేరూ, చిరునామా, పుట్టినతేదీ, కళ్ల రంగూ ఉన్నాయి. మొహం లేదు.

తాళాలు చేతికిచ్చే ముందు సూర్యప్రకాశ్ ఒక షరతు పెట్టాడు. "పోలీసుల దగ్గర్నించి ఒక్క టికెట్టు వచ్చినా, కారు మీద ఒక్క గీత పడినా, లైసెన్సు విషయంలో ఎవరితోనైనా ఒక్క పేచీ వచ్చినా, తాళాలు మళ్లీ నాకిచ్చెయ్యాలి. ఏమంటావు?" వసుమతి సరేనంది. ఆ సమయంలో ఇల్లు రాసిమ్మన్నా సరేననేది.

అప్పటికే సూర్యప్రకాశ్ పక్క వీధి స్నేహితుడు గోపీనాథ్ కారులో కలిసి ఆఫీసుకి వెళ్లడం అలవాటు చేసుకున్నాడు. పెట్రోలు కరువు వచ్చిన ఏడు మొదలైన అలవాటు, కరువు పోయినా పోలేదు. సొంత కారు, పాత డాట్సన్, వారమంతా ఇంటి ముందే పడి ఉండేది. అది వసుమతి చేతికొచ్చింది. ఇక చూడాలి. పచ్చిమిరపకాయలు బుధవారం కొనేది. గుడికి మంగళవారం వెళ్లేది. డ్రై క్లీనింగ్ షాపులో ప్యాంట్ల అంచులు మడిచి కుట్టే పని సంపాదించుకుంది. ఏ పనీ లేని రోజున కూడా పాల కొట్టు దాకా వెళ్లి, పాలు కొనకుండా, కారులో కాసేపు కూర్చుని తిరిగి వచ్చేది. పెళ్లయి పక్క ఊళ్లో కాపురం పెట్టిన విద్యని చూడాలంటే ఇప్పుడు ఎవరి "పోనీ" అక్కర్లేదు. మూడేళ్లు అలా గడిచాయి. టికెట్టు లేదు, గీత లేదు, పేచీ లేదు. ఆ తాళాలు తప్ప తనది అనదగ్గ వస్తువు ఆ దేశంలో ఇంకోటి లేదని వసుమతి నమ్మకం. ఆ నమ్మకంలో తప్పు పట్టడానికి నాకు ధైర్యం చాలదు.

ఎనభై అయిదు సెప్టెంబరులో విద్య ప్రసవించింది. మగపిల్లవాడు. ఆసుపత్రి నించి ఇంటికి తెచ్చిన నాటి నించి వసుమతి రోజూ పొద్దున్నే డాట్సన్ వేసుకుని వెళ్లి బాలింత పథ్యం మొదలెట్టింది. మొదలెట్టడమే గానీ ఒక్కటీ సాగలేదు. శొంఠి, పిప్పళ్లు, బెల్లం వేసి నేతిలో చేసిన కాయం ఉండ పట్టుకెళితే విద్య ముక్కు మూసుకుంది. చెవుల్లో దూది పెట్టుకోమంటే అద్దంలో చూసుకుని తీసిపారేసింది. నడుముకి పాత చీర గట్టిగా చుట్టుకోమంటే, "అమ్మా, ఇట్స్ నైన్టీ డిగ్రీస్, ఉడికిపోతున్నాను" అంది.

"పోనీ, వేణ్ణీళ్లలో ఒక్క చెంచా బ్రాందీ అన్నా తాగవే. ఒంట్లో చలి చేరకుండా ఉంటుంది. నువ్వు పుట్టినప్పుడు మా అమ్మమ్మ నాకు పట్టింది," అంది వసుమతి, ఆశ వదులుకుంటూ.

విద్య తల తిప్పి చూసింది. "బ్రాందీ?"

"ఒక్క చెంచానే."

"బ్రాందీ ఓకే అమ్మా," అంది విద్య. "దట్ వన్ ఐ కెన్ డూ."

తరతరాల బాలింత పథ్యంలో అమెరికాలో చెల్లుబాటు అయింది బ్రాందీ ఒక్కటే. అయినా వసుమతి నెత్తిన పాలు పోసినట్టయింది. కూతురు ఏదో ఒకదానికి ఊఁ అంది కదా. ఇంట్లో బ్రాందీ లేదు. సూర్యప్రకాశ్ తెలుగు సంఘంలో సాంస్కృతిక కార్యదర్శి. ఆ పదవిలో ఉన్న మనిషి మందు కొట్టు గుమ్మం తొక్కకూడదని అతని అభిప్రాయం, పక్కవాళ్ల గ్లాసులోకి తొంగిచూడటానికి మాత్రం అభ్యంతరం లేదు. అతన్ని అడిగితే "పోనీ" అనడు, "ఛీ" అంటాడు. అడగడం ఎందుకు, కారుంది కదా అనుకుంది వసుమతి. మధ్యాహ్నం తిరిగొచ్చేటప్పుడు రూటు నలభై ఆరు మీదున్న బ్రాందీ షాపు ముందు ఆపింది.

ఆ షాపు గురించి కాస్త చెప్పాలి. రెండేళ్ల క్రితం ఆ రాష్ట్రంలో మందు కొనే వయసు ఇరవయ్యొకటికి పెంచారు. ఆ తరవాత ఈ షాపువాళ్లు హైస్కూలు పిల్లలకి బీరు అమ్మి దొరికిపోయారు. యజమానికి జరిమానా పడింది. అప్పటినించి ఆయనకి ప్రపంచమంతా హైస్కూలు పిల్లల్లా కనపడసాగింది. తలుపు మీద బోర్డు పెట్టించాడు: వయసు ఎంతైనా, మొహం ఎలా ఉన్నా, ప్రతి ఒక్కరూ కార్డు చూపించాలి. ఊతకర్ర పట్టుకొచ్చిన ముసలాయన్ని కార్డు అడిగితే, ఆయన కర్ర ఎత్తి చూపించి ఇదే నా కార్డు అన్నాడట. ఇవ్వలేదట. మనవరాలిని భుజాన వేసుకొచ్చిన తాతని అడిగారట. ఊళ్లో పెద్దవాళ్లంతా తిట్టుకుంటూనే జేబులు తడుముకునేవాళ్లు. కంటికి ఎదురుగా నిలబడ్డ నెరిసిన జుట్టుని నమ్మరట, జేబులో నలిగిన కాగితాన్ని నమ్ముతారట. అలాంటి తెలివితేటలకి మందు లేదు, బ్రాందీ షాపులో కూడా.

కౌంటరు వెనక ఉన్న మనిషికి అరవై దగ్గర పడి ఉంటాయి. కళ్లజోడు గొలుసు కట్టి మెడలో వేళ్లాడేసుకుంది. చొక్కా జేబు మీద డొలోరెస్ అని పేరు కుట్టి ఉంది. వసుమతి నేత చీర కట్టుకుని, కాళ్లకి బూట్లు వేసుకుని, ఉన్నవాటిలో అన్నిటికన్నా చిన్న సీసా ఏరి తెచ్చి కౌంటరు మీద పెట్టింది.

"ఐడీ," అంది డొలోరెస్.

వసుమతి వెనక్కి తిరిగి చూసింది. వెనక కొంచెం దూరంలో బీరు పెట్టె పట్టుకుని ఒక లావుపాటి మనిషి ఉన్నాడు.

"నీదే, హనీ."

"నాకు మనవడు పుట్టాడు," అంది వసుమతి. ఇంతకన్నా రుజువేముంటుందని ఆవిడ ఉద్దేశం.

"కంగ్రాచ్యులేషన్స్," అంది డొలోరెస్. "ఐడీ."

వసుమతి సంచీలోంచి లైసెన్సు తీసి ఇచ్చింది. ఒక రకంగా ఆవిడకి సంతోషమే కలిగింది. మూడేళ్లలో లైసెన్సు బయటికి తీసి దర్జాగా ఇచ్చే అవకాశం పెద్దగా రాలేదు మరి. డొలోరెస్ కళ్లజోడు పెట్టుకుని కాగితాన్ని ఇటు తిప్పింది, అటు తిప్పింది.

"దీని మీద ఫోటో లేదు."

"మా ఆయన వద్దన్నారు."

"అయితే ఇది నీదేనని నాకెలా తెలుస్తుంది?" డొలోరెస్ కాగితాన్ని పేకముక్కలా గుండెకి ఆనించి పట్టుకుంది. "నీ పుట్టినరోజు చెప్పు."

వసుమతి ఆలోచించి అడిగింది: "ఈ ఏడుదా, పోయినేడుదా?"

నవ్వకండి. ఆవిడ నిజాయితీగానే అడిగింది. వసుమతి శ్రీముఖ నామ సంవత్సరం అట్లతద్ది నాడు చంద్రోదయం వేళ పుట్టింది. వాళ్లమ్మ అలాగే చెప్పింది, ఆవిడకి అదొక్కటే తెలుసు. తిథిని బట్టి వచ్చే రోజు ఏడాదికో తారీఖున వస్తుంది. లైసెన్సు మీద ఉన్నది బడిలో చేర్చుకున్న హెడ్మాస్టరుగారి ఊహ. పిల్లకి అయిదేళ్లు నిండాయనిపించి, ఆ జూన్‌కి సరిపోయేలా ఏదో ఒక తేదీ వేసుకున్నారు. ఆ తేదీ పాస్‌పోర్టు మీదకీ, గ్రీన్‌కార్డు మీదకీ, లైసెన్సు మీదకీ ఎక్కుతూ వచ్చింది. ఆవిడ నోట మాత్రం ఏనాడూ పలకలేదు. కాగితాలన్నీ సూర్యప్రకాశే పూర్తి చేసి, ఎక్కడ సంతకం పెట్టాలో వేలితో చూపించేవాడు.

"పుట్టినరోజు ఎవరికైనా ఒకటే ఉంటుంది," అంది డొలోరెస్.

"ఒకటే. కానీ ప్రతి ఏడూ ఒకే తారీఖున రాదు. పోయినేడు అక్టోబరు మధ్యలో వచ్చింది. ఈసారి నెలాఖరుకి వస్తుంది. చంద్రుణ్ణి బట్టి ఉంటుంది."

"చంద్రుణ్ణి బట్టి," అంది డొలోరెస్.

"అవును."

"ఇందులో జూన్ అని ఉంది."

"అది స్కూలుది."

బీరు పెట్టె మనిషి పెట్టె కింద పెట్టాడు. ఇది ఇప్పట్లో తేలేది కాదని అర్థమైంది కాబోలు. డొలోరెస్ కళ్లజోడు తీసేసింది. ఆవిడ మొహంలో కోపం లేదు, అలసట ఉంది. కౌంటరు కింద సొరుగు లాగి లైసెన్సు అందులో పడేసింది. సొరుగులో అప్పటికే మరికొన్ని కార్డులున్నాయి. దొంగ వయసులు వేయించుకుని దొరికిపోయిన పిల్లలవి. యాభై దాటిన వసుమతి వాళ్లలో కలిసిపోయింది.

"సారీ, హనీ. తన పుట్టినరోజు తనకి తెలియని మనిషి కార్డు నేను తిరిగి ఇవ్వకూడదు. ఇస్తే నా ఉద్యోగం పోతుంది. పోలీసుల్ని పిలవమంటే పిలుస్తాను. లేదా నువ్వెవరో తెలిసిన మనిషిని రప్పించు."

వసుమతికి అద్దం తలుపులోంచి డాట్సన్ కనపడుతూనే ఉంది. లైసెన్సు లేకుండా దాన్ని నడపకూడదు. నడపకపోతే అది అక్కడే ఉంటుంది, సూర్యప్రకాశ్‌కి తెలుస్తుంది. పోలీసు వస్తే ఏదో కాగితం మీద రాస్తాడు, అప్పుడూ తెలుస్తుంది. విద్యకి ఫోన్ చేద్దామంటే పచ్చి బాలింత, పిల్లవాడు ఇప్పుడిప్పుడే పడుకుని ఉంటాడు. అల్లుడికి ఫోన్ చేసి, "బాబూ, నేను బ్రాందీ షాపులో ఉన్నాను, వచ్చి విడిపించుకుపో" అనడం అత్తగారి పరువుకి తగదు. ఎటు తిప్పి చూసినా తాళాలు చేజారే దారే కనపడింది. ఏడుపొచ్చింది ఆవిడకి. మళ్లీ శనివారం దాకా పచ్చిమిరపకాయలు లేవు. మనవణ్ణి చూడాలంటే "పోనీ, పద" అన్నప్పుడు చూడాలి. ఆఖరికి కళ్లు తుడుచుకుని, షాపు ఫోనులోంచి సూర్యప్రకాశ్ ఆఫీసుకే ఫోన్ చేసింది. తెలియక తప్పనప్పుడు తన నోటితో తెలియడం నయం.

"ఏమండీ, నేను."

"ఏమైంది? కారుకి ఏమైనా అయిందా?"

"కారుకేమీ కాలేదు. మీరొకసారి రావాలి. బ్రాందీ షాపులో ఉన్నాను."

"ఎక్కడ?"

"బ్రాందీ షాపండీ. రూటు నలభై ఆరు మీద."

"అక్కడ నీకేం పని?"

"బ్రాందీ," అంది వసుమతి.

అతను వచ్చేలోపు డొలోరెస్ ఒక ఎత్తు స్టూలు లాగి వసుమతిని కూర్చోమంది. పిల్లవాడి బరువెంత అని అడిగింది. ఎవరి పోలిక అని అడిగింది. అడుగుతూనే బీరు పెట్టె మనిషి కార్డు చూసింది, అతని తరవాత వచ్చిన తెల్లగడ్డం మనిషి కార్డూ చూసింది. తెల్లగడ్డం మనిషి దేశాన్నీ, రాష్ట్రాన్నీ, షాపునీ వరసపెట్టి తిట్టి కార్డు తీశాడు. "రోజూ ఇవే తిట్లు," అంది డొలోరెస్ వసుమతితో. "నాకు మాత్రం సరదానా?" ఆ మాట నిజమే అనిపించింది వసుమతికి. కోపం పెట్టుకుందామంటే ఆ మనిషి మీద నిలవలేదు.

గోపీనాథ్ కారులో వచ్చిన సూర్యప్రకాశ్ షాపు ముందు దిగలేదు. పక్కనున్న పిజ్జా కొట్టు ముందు దిగి, గోపీనాథ్ కారు కనుమరుగయ్యేదాకా పిజ్జా బోర్డు చదివి, అప్పుడు గబగబా లోపలికి వచ్చాడు. దొంగకి తేలు కుట్టినట్టుంది అతని మొహం. వసుమతి వైపు ఒక చూపు చూశాడు. ఆ చూపులో తాళాల సంగతి స్పష్టంగా ఉంది.

"నేను ఈవిడ భర్తని," అన్నాడు డొలోరెస్‌తో, మీటింగుల్లో వాడే గొంతుతో. "ఏదో పొరపాటు జరిగింది. ఈవిడకి ఇరవయ్యొకటి నిండలేదని ఎవరైనా అనుకుంటారా?" తన లైసెన్సు తీసి కౌంటరు మీద పెట్టాడు. దాని మీద ఫోటో ఉంది.

డొలోరెస్ అతన్నీ, ఫోటోనీ మార్చి మార్చి చూసింది. "ఇంటిపేరు కలిసింది. కానీ నువ్వు ఈవిడ తండ్రివి కూడా కావచ్చు."

సూర్యప్రకాశ్‌కి యాభై ఎనిమిది. బట్టతల. అంత కష్టంలోనూ వసుమతికి కాస్త హాయిగా అనిపించిందని చెప్పకపోతే అబద్ధమవుతుంది.

"నేను భర్తని," అన్నాడతను మళ్లీ.

"అయితే ఈవిడ పుట్టినరోజు చెప్పు."

సూర్యప్రకాశ్ నోరు తెరిచాడు. అతనికి తెలియని విషయం లేదని సంఘంలో పేరు. ఏ రంగు ఎంత వేడికి పగులుతుందో చెబుతాడు. పోయిన ఉగాదికి ఏ పిల్ల ఏ పద్యం పాడిందో చెబుతాడు. వసుమతి కాగితాలన్నీ పదహారేళ్లుగా అతని చేతి రాతే. నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండి, పైకప్పు చూసి, సీసాల వరస చూసి, "ఆగస్టు ఎనిమిది," అన్నాడు.

డొలోరెస్ వసుమతి వైపు చూసింది. వసుమతి నేల వైపు చూసింది. ఆగస్టు ఎనిమిది ఏమిటో ఆవిడకి తెలుసు. కారు ఇన్సూరెన్సు కట్టవలసిన రోజు. స్కూలు తేదీ చెప్పినా బాగుండేది. ఆడపిల్ల పుట్టినరోజులు పుట్టింటితోనే సరి అని వసుమతి ఎప్పుడో సరిపెట్టుకుంది. అయినా ఇంతమంది ముందు ఇలా తెలిసేసరికి మనసు చివుక్కుమంది. బీరు పెట్టె మనిషి ఇంకా వెళ్లలేదు.

"ఇంకోసారి చెప్పనా? ఆగస్టు కాకపోతే..." అన్నాడు సూర్యప్రకాశ్.

"అక్కర్లేదు," అంది డొలోరెస్.

సొరుగు లాగింది. పిల్లల కార్డుల మధ్య వెతికి వసుమతి లైసెన్సు తీసి, చొక్కా చేతితో తుడిచి, ఆవిడ చేతిలో పెట్టింది.

"తీసుకో, హనీ. ఇతను నిజం మొగుడే. దొంగసాక్షి అయితే తేదీ బట్టీపట్టి వచ్చేవాడు."

బీరు పెట్టె మనిషి ఒక్క నవ్వు నవ్వి తన పెట్టె ఎత్తుకుని వెళ్లిపోయాడు. వసుమతి ప్యాంట్ల అంచులు కుట్టి సంపాదించిన డబ్బుతో బ్రాందీ కొనుక్కుంది. డొలోరెస్ సీసాని గోధుమరంగు కాగితం సంచీలో పెట్టి, మెడ దగ్గర మడిచి ఇచ్చింది. పిల్లవాడికి తన తరఫున ఒక ముద్దు పెట్టమంది.

బయటికి రాగానే సూర్యప్రకాశ్‌కి గొంతు మళ్లీ వచ్చింది. డాట్సన్ పక్కన నిలబడి చెయ్యి చాచాడు.

"తాళాలు."

వసుమతి తాళం తీసి కారు తలుపుకి పెట్టింది.

"మనం ఏమనుకున్నాం? లైసెన్సు విషయంలో ఒక్క పేచీ వచ్చినా అన్నానా లేదా? పోలీసులు వచ్చుంటే ఏమయ్యేది? సంఘంలో ఎవరైనా చూసుంటే?"

చాచిన ఆ చేతిలో వసుమతి బ్రాందీ సంచీ పెట్టింది. పెట్టి, తలుపు తెరిచి, స్టీరింగు ముందు కూర్చుంది. పట్టపగలు, రూటు నలభై ఆరు మీద, బ్రాందీ షాపు బోర్డు కింద, మందు సీసాతో నిలబడ్డ సాంస్కృతిక కార్యదర్శి అటూ ఇటూ చూసి చప్పున పక్క సీట్లో కూలబడి, తలుపు వేసుకున్నాడు.

ఇంటివైపు తిరగలేదు ఆవిడ. విద్య ఇంటివైపు తిరిగింది. కొంతదూరం వెళ్లాక ఎర్రలైటు పడింది. సూర్యప్రకాశ్ సంచీని ఒళ్లో పెట్టుకుని కాసేపు అద్దంలోంచి బయటికి చూశాడు.

"ఇంతకీ నీ పుట్టినరోజు ఎప్పుడు?" అన్నాడు. గొంతులో మీటింగు లేదు.

"అట్లతద్ది."

"అట్లతద్దా? అది పండగ కదా. నువ్వు అట్లు పోస్తావు, మనం తింటాం."

"మీరు తింటారు. నాకు చంద్రుడు కనపడేదాకా మంచినీళ్లుండవు."

"పుట్టినరోజు నాడు ఉపవాసమా?" అన్నాడు సూర్యప్రకాశ్. నిజంగానే అర్థం కాలేదు అతనికి. "ఎందుకే?"

లైటు పచ్చబడింది. వసుమతి అద్దంలో వెనకా పక్కా చూసుకుని కారు ముందుకి పోనిచ్చింది.

"మీరు చల్లగా ఉండాలని," అంది.

విద్య ఇల్లు వచ్చింది. కారు ఆగాక సూర్యప్రకాశ్ సంచీ పట్టుకుని ముందుగా దిగి, చుట్టూ తిరిగి వచ్చి, ఆవిడ వైపు తలుపు తీసి నిలబడ్డాడు. తాళాల మాట ఆ రోజే కాదు, తరవాత కూడా ఎప్పుడూ ఎత్తలేదు.